వారధి మీద ఇఫ్తార్

గౌరవనీయులైన బండ్ల నిలుపుదల శాఖాధిపతి గారికి,

ఆ పేరుతో శాఖే లేదంటారు గానీ, సాయంత్రం ఆరు దాటాక కృష్ణా నది వారధి మీద నడిచేది దాని పాలనే.

నాది గుంటూరు. ఉద్యోగం విజయవాడలో, ప్రైవేటు కంపెనీలో. రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు గంట ముందే ఇంటికి వెళ్లొచ్చని ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తుంది. అది సర్కారు వాళ్లకు. నాకు అయిదున్నర దాటితే గానీ కుర్చీ వదలదు. ఆరుకల్లా బస్సులో కిటికీ సీటు. ఆరుంపావుకు వారధి మీద నేను, నా ముందు ఇసుక లారీ.

మా వీధి మసీదు పంచిన ఇఫ్తార్ టైముల కార్డు నా జేబులో ఉంటుంది. ఆఫీసు పక్క మసీదు కార్డు పర్సులో ఉంటుంది. రెంటికీ నిమిషం తేడా. ఊరికే రాలేదా తేడా. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. గుంటూరు విజయవాడకు పడమరగా డిగ్రీలో అయిదో వంతు దూరాన ఉంది. అంటే అక్కడ పొద్దు గుంకేది ఇంచుమించు 50 సెకన్లు ఆలస్యంగా. మరి రెండూళ్ల మధ్య ఇరుక్కున్నవాడు ఏ కార్డు చూడాలని మా మసీదు హజ్రత్‌ను అడిగాను. "నువ్వున్న చోట పొద్దు గుంకిందా లేదా చూసుకో బాబూ" అన్నారు. చూద్దామంటే లారీ అడ్డం.

దుబాయ్‌లో బుర్జ్ ఖలీఫా 80వ అంతస్తు దాటి ఉండేవాళ్లు 2 నిమిషాలు, 150 దాటితే 3 నిమిషాలు ఆగి ఇఫ్తార్ చేయాలని 2011లో అక్కడి మతపెద్దలు చెప్పారు. అంతెత్తున పొద్దు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది మరి. సూర్యుడు అంతస్తుకో లెక్క అప్పజెబుతున్నాడు. తమరి రోడ్డే ఏ లెక్కా చెప్పదు.

ప్రయాణంలో ఉన్నవాడికి రోజా మినహాయింపు ఉంది కదా అంటారేమో. ఉంది. హనఫీ సంప్రదాయం లెక్కన 48 మైళ్లు, అంటే 77 కిలోమీటర్లు పోవాలి. మాది నలభై కూడా లేదు. కిలోమీటర్లు వదిలేసి గంటల్లో కొలిస్తే నేనెప్పుడో ముసాఫిర్‌నే. ఈ వాదన ఇంట్లో ఒక్కసారి తీశాను. బియ్యం ఏరుతున్న అమ్మీ తలెత్తి చూసిన చూపు మీ ఎర్రదీపం కన్నా ఎక్కువసేపే నిలిచింది.

మొన్న శనివారం నీళ్ల సీసా ఆఫీసులో మర్చిపోయాను. డబ్బాలో మూడు ఖర్జూరాలున్నాయి. ఎక్కడో దూరంగా సైరన్ మోగింది. కండక్టర్ నా మొహం చూసి, "టైమైందా భాయ్?" అని డ్రైవర్ పక్కనున్న సీసా తెచ్చిచ్చాడు. ఒక ఖర్జూరం ఆయన చేతిలో పెట్టాను. "నాకివాళ ఒక్కపొద్దు, ఇంకా టైముంది" అని దాన్ని టికెట్ల సంచిలో వేసుకున్నాడు. అప్పటికీ లారీ కదల్లేదు.

టోల్ గేటు సంగతి ఎత్తను. బస్సుకు ఫాస్టాగ్, నాకు ఫాస్టు, అయినా ఇద్దరం నిలబడే ఉంటాం.

నేను కోరేది ఒక్కటే. ఎంతసేపు ఆపుతారో నిజం చెప్పే అంకె ఒకటి వారధి మొదట్లో పెట్టించండి. ఇంటి దగ్గర మిర్చిబజ్జీ వేడిగా దొరుకుతుందో, చల్లారినదే గతో మనసుకు ముందే చెప్పుకుంటాను. సబ్జా షర్బత్ ఎలాగూ వెచ్చబడుతుంది, దానికి మిమ్మల్ని అనను.

ఇట్లు,
కిటికీ సీటు

తా.క.: రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కనుక 2030లో రెండుసార్లు వస్తుంది, జనవరిలో ఒకటి, డిసెంబరు చివర్లో మరొకటి. ఆ రోజుల్లో చాలావరకు మన వైపు ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. అప్పటికి నేనింకా ఆఫీసు గుమ్మం దాటను కాబట్టి ఆ ఏడు లేఖ తమరికి కాదు, మా మేనేజరు గారికి.