మా రోజుల్లో డిస్కు ముందే చెప్పి చచ్చేది

ఏం పిలగా, హార్డ్‌డిస్కులో ఒక్క బ్యాడ్ సెక్టార్ కనబడితే చాలు, పీకి అవతల పారేసి ఫోన్‌లో కొత్తది ఆర్డర్ పెడతవా? రేపటికల్లా ఇంటికి వస్తదా? రానీ. రోగమొస్తే రోగినే మార్చే తరం మీది. మా రోజుల్లో డిస్కు ముందే చెప్పి చచ్చేది. నెలల తరబడి కటకటా కటకటా అని సప్పుడు చేసేది. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో వడ్లు ఆడే మోతలో కూడా గుమాస్తాలకు ఆ కటకట వినబడేది. విని, ఎస్టీడీ బూత్‌కు పోయి, సూర్యాపేటలో నాకు కబురు పెట్టేవాళ్లు. నేను బస్సెక్కి పోయేసరికి కంప్యూటర్ మీద వేలు మందాన తవుడు దుమ్ము. ముందు దాన్ని తుడవాలి, తర్వాత చాయ్ తాగాలి, ఆ తర్వాతే డిస్కు సంగతి. ఎవరికీ తొందర లేదు, డిస్కుకు కూడా.

ఇంకా వెనక్కి పోతే, ఇరవై మెగాబైట్ల డిస్కులుండేవి. నవ్వకు, మెగాబైట్లే. నీ ఫోన్ తీసే ఫోటోలు ఏడెనిమిది పెడితే నిండిపోతది. కానీ దాని నిజాయితీ చూడు. ఏ హెడ్డు కింద, ఏ సిలిండర్‌లో లోపముందో కంపెనీవాడే కాగితం మీద రాసి డిస్కు నెత్తిన అంటించి అమ్మేవాడు. ఫార్మాట్ చేసేటప్పుడు ఆ అంకెలు చూసి మనమే కొట్టుకోవాలి. ఇప్పటి డిస్కులు లోపాల్లేకుండా పుడుతున్నయనుకుంటున్నవా? ఉత్తిదే. లోపల కొంత జాగా దాచుకుని, పాడైన సెక్టార్ నంబరుకు దాచిన సెక్టార్ తగిలించి, నీ ముందు ఏమీ ఎరగనట్టు కూర్చుంటయి.

లినక్స్ మా దగ్గరికి పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చే సీడీలోంచి దిగింది. అప్పటి ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ2, 1993 నాటిది. అందులో ఒకటో నంబరు ఐనోడ్ ఎవరిదో తెలుసా? చెడిపోయిన బ్లాకులది. అన్ని ఫైళ్లకూ మూలమైన రూట్ డైరెక్టరీకి రెండో నంబరు ఇచ్చి, చెడ్డవాటికి మొదటి పీట వేశారు. నేటి ఈఎక్స్‌టీ4లో కూడా ఆ పీట అట్లనే ఉంది, మీరెవరూ దాని మొహం చూడరు గానీ. ఇగ రెడ్‌హ్యాట్ వాళ్లయితే 2014లో ఏడో ఎంటర్‌ప్రైజ్ నుంచి ఎక్స్‌ఎఫ్‌ఎస్‌నే ముందుకు తెచ్చారు. దాంట్లో చెడ్డ బ్లాకుల పట్టీ అన్నదే లేదు.

సాగర్ ఎడమ కాలువ కింద పొలమున్న రైతునడుగు. మడిలో ఓ మూల చౌడు పడితే పొలమంతా అమ్ముకుంటడా? ఆ చెక్క వదిలేసి మిగతాదాంట్లో నాటేస్తడు. బ్యాడ్‌బ్లాక్స్ అనే లినక్స్ కమాండు చేసేదీ అదే. డిస్కు ఈ చివర నుంచి ఆ చివరకు చదువుకుంటూ పోయి, చదవరాని బ్లాకుల నంబర్లు ఇస్తది. కానీ కొలకర్ర చూసుకో! విడిగా నడిపితే అది 1024 బైట్ల లెక్కన అంకెలిస్తది, ఫైల్‌సిస్టమ్‌లో బ్లాకేమో చాలాసార్లు 4096 బైట్లది. ఆ అంకెలు అట్లనే ఎక్కిస్తే మంచి నేల బీడు పెట్టి చౌడులో నాటేసినట్టే. అందుకే దాన్ని విడిగా నడపొద్దు, డిస్కును అన్‌మౌంట్ చేసి ఈ2ఎఫ్‌ఎస్‌సీకే పక్కన మైనస్ సీ పెట్టమని దాని మాన్యువల్‌లోనే రాసి ఉంటది. మాన్యువల్ అంటే యూట్యూబ్ వీడియో కాదు బిడ్డా, చదవాలి.

కోదాడలో ఒక కాలేజీ ల్యాబ్‌లో ఇట్లాంటి పనుల మీద రాత్రుళ్లు చానా గడిపిన. కరెంటు పోతే యూపీఎస్ కూత, అది ఆగితే బయట తొమ్మిదో నంబరు జాతీయ రహదారి మీద లారీల మోత. (ఇప్పుడా రోడ్డుకు 65 అట. నంబరును కూడా బతకనియ్యరు. మూడూళ్లూ నల్గొండ జిల్లాలోనే ఉండేవి. 2016లో సూర్యాపేట, కోదాడ విడిపోయి మిర్యాలగూడ అక్కడే ఉండిపోయింది. నేనెవరినడగాలి?) ఆఁ, ఎక్కడున్నం? పాడైన సెక్టార్ నంబరు దొరికాక, అందులోంచి పార్టిషన్ మొదలయ్యే సెక్టార్ నంబరు తీసేసి, ఎనిమిదితో భాగించాలి, 512 బైట్ల సెక్టార్లు ఎనిమిది కలిస్తే ఒక బ్లాకు గదా. ఆ అంకెను డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో ఐచెక్‌కు ఇస్తే ఐనోడ్, ఐనోడ్‌ను ఎన్‌చెక్‌కు ఇస్తే ఫైలు పేరు. ఓసారి తెల్లవారుజాము దాకా కాగితం మీద ఈ లెక్క కట్టి పట్టుకుంటే, పోయింది ఎవరో పిల్లగాడు దాచుకున్న సినిమా పాట. అయితేనేం, పోయినదాని పేరు తెలిసిందా లేదా?

ఇప్పుడు స్మార్ట్‌సీటీఎల్ అని కొడితే నిమిషంలో జాతకం బయటపడుతదట. ఐదో నంబరులో మార్చేసిన సెక్టార్లు, 197లో పెండింగ్‌లో ఉన్నవి. పెండింగ్ అంటే చదవలేకపోయింది, దానిమీద మళ్లీ ఏదన్నా రాసేదాకా తేల్చదు అని. ఆ అంకె పెరుగుతుంటే మాత్రం నా మాటలు నమ్మి రిపేరుకు కూర్చోకు. ముందు డీడీరెస్క్యూతో వేరే డిస్కుకు కాపీ తీయి. అది బాగున్న భాగాలు ముందు లాగేసి, మొండిచోట్లకు చివర్లో తిరిగొస్తది. ఇది మా కాలంలో ఉంటే ఎందరి ఖాతాలు బతికేవో. ఈ ముక్క నేనన్నానని ఎవరితోనూ అనకు.

ఎస్‌ఎస్‌డీల గురించి నన్ను అడగనే అడగకు. సప్పుడు లేదు, దగ్గు లేదు. పొద్దున లేచి చూస్తే పోయి ఉంటది. ఏ బ్లాకు ఎక్కడుందో దాని కంట్రోలర్‌కు తప్ప బ్రహ్మకు కూడా తెలియదు, ఇగ బ్యాడ్‌బ్లాక్స్ ఏం గుర్తు పెడుతది?

మా రోజుల్లో అన్నీ నిదానం అంటాను గానీ, మొన్న లెక్క కడితే తలకాయ తిరిగింది. 8 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఒక్కసారి చదవడానికే 11 గంటలు. ఉన్నదంతా తుడిచేసి రాసి చదివే పరీక్షయితే నాలుగు నమూనాలు, ఎనిమిది విడతలు, మూడున్నర రోజుల పైమాట. మా డిస్కులు ఒక్క రాత్రిలో తేల్చేసేవి.

నా దగ్గర ఇప్పటికీ ఒక పాత డిస్కుంది. చెడ్డ బ్లాకులన్నీ గుర్తుపెట్టి, పట్టీ రాసి నెత్తిన అంటించిన. మీట నొక్కితే కటకటమంటూ తిరుగుతది, మీ ఎస్‌ఎస్‌డీల కన్నా గట్టిది. దాంట్లో ఏం పెట్టుకున్నవు తాతా అంటవా? ఏమీ పెట్టలేదు. పోతే ఎట్ల? నా ఫోటోలు, కాగితాలు అన్నీ మా మనవడు గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించిండు.