‘తేడా కొడుతోంది’: టీకా తాత్పర్య విశేష సహితము

మూలము

అన్నా, బీరు తేడా కొడుతోంది. అన్నీ కడిగా. పారబోయనా?

అవతారిక

డల్లాసుకు ఉత్తరమున ఫ్రిస్కోలో, రెండు కార్లు పట్టు గ్యారేజీలో ఒక కారును బయట ఎండకు వదలి, ఆ చోట ఐదు గ్యాలన్ల బకెట్టు నిలిపి బీరు కాచుకొను తెలుగు ఇంజనీరొకడు, తనకంటె ముందు ఈ విద్య నేర్చిన అన్నకు జూలై మాసమున అర్ధరాత్రి వాట్సాప్‌లో పంపిన వాక్యత్రయమిది. ఇంట బీరు కాచుట నేరము కాదా యని శంకింపరాదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకము చేసిన చట్టము మరుసటి ఫిబ్రవరి నుండి అమలై, పెద్దవారు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు పన్ను లేకుండ వదలివేసినది. ఇల్లాలు చుక్క ముట్టకున్నను లెక్కకు మాత్రము వచ్చును. అమ్ముకొనరాదు.

టీక

అన్నా = ఓ అన్నా (రక్తసంబంధముతో పనిలేదు; పెద్ద గిన్నె ఎరువిచ్చినవాడు అన్నయే); బీరు = మాల్టు, హాప్స్, నీరు, ఈస్టుల వలన పుట్టినది (బకెట్టులో ఉన్నదో, సీసాలకెక్కినదో కర్త చెప్పలేదు; ఇది గ్రంథలోపము); తేడా కొడుతోంది = అనుకొన్న రుచి లేదు; అన్నీ = కంటికి కనబడినవన్నియు; కడిగా = సింకులో పెట్టి జాడించితిని; పారబోయనా = పారబోయవద్దని చెప్పుము.

తాత్పర్యము

తప్పు ఈస్టు ప్యాకెట్టుదని అన్న నోట వినగోరుచున్నాడు.

విశేషములు

‘తేడా’ యన్నంత మాత్రమున వైద్యము సాగదు. ఏ వాసన యని అడుగవలెను. సినిమా హాలు పాప్‌కార్న్ వెన్న వాసనయైనచో అది డైఎసిటైల్. ఈస్టు పనిలోనున్నపుడు దీని పూర్వరూపమును బయటికి వదలి, పని ముగియు వేళ డైఎసిటైలును తానే మరల మ్రింగును. తొందరపడి ఈస్టును వేరుచేసినచో మ్రింగువారు లేక వెన్న మిగులును. బీరు ఇంకను బకెట్టులోనే యున్నచో పరీక్ష కలదు. రెండు గ్లాసులలో కొంచెము కొంచెము పట్టి, రేకుతో మూసి, ఒకదానిని చల్లగా ఉంచి, రెండవదానిని 60–70 డిగ్రీల వేడినీటిలో పావుగంట నిలిపి, చల్లార్చి, రెండింటిని వాసన చూడవలెను. (ఆవకాయన్నము తిన్న వెంటనే చేయరాదు.) వేడిచేసినదానిలో మాత్రమే వెన్న తగిలినచో పూర్వరూపము మిగిలియున్నదని అర్థము, కొన్నాళ్లు గది వేడిమిలో కదపక ఉంచవలెను. రెండింటను తగలకున్నచో సీసాలకెక్కించవచ్చును. ఎన్నాళ్లుంచినను వెన్న పోదేని అది ఈస్టు పని కాకపోవచ్చును. పెడియోకాకస్ అను బాక్టీరియాను అనుమానింపవలెను.

పచ్చి ఆపిల్ వాసనకు ఓపికయే మందు. అట్టపెట్టె రుచి గాలి తగిలినందువలన వచ్చును. దానికి మందు లేదు.

ఉడికిన మొక్కజొన్న పొత్తు వాసన, కాచునపుడు గిన్నెమీద మూత పెట్టినవాని పని. డైమిథైల్ సల్ఫైడు ఆవిరితో బయటికి పోవలెను. మూత పెట్టినచో చుక్కలై మరల గిన్నెలోనే పడును. గ్యాసు దండుగని మూత వేయు మన ఇండ్ల పొదుపు ఇచట చెల్లదు. దెబ్బకు అంటించు పట్టీ వాసన వచ్చినచో కుళాయి నీటిలోని క్లోరినును అనుమానింపవలెను. క్యామ్డెన్ బిళ్లలో పావు ముక్క ఐదు గ్యాలన్ల నీటికి చాలును. అరటిపండు, గోళ్లరంగు వాసనలు కలిసి వచ్చినచో వేరే విచారణ అక్కరలేదు: జూలై, టెక్సాసు, గ్యారేజీ. సాధారణ ఏల్ ఈస్టు 20 డిగ్రీల దాపున కుదురుగా పనిచేయును. ఇంటిలోనికి తెచ్చి, నీళ్ల టబ్బులో నిలిపి, తడి టీషర్టు చుట్టి ఫ్యాను వేయవలెను. ఇల్లాలి అనుమతి ఎట్లు పొందవలెనో శాస్త్రము చెప్పలేదు.

ఇక ‘అన్నీ కడిగా’. కథయంతయు ఇచటనే యున్నది. కడుగుట వేరు, మడి వేరు. ఉతికి ఆరవేసిన బట్టయైనను మైలచేయి తగిలినచో మడికి పనికిరాదు గదా. మొదట మడ్డి వదలగొట్టవలెను. మడ్డిమీద పోసిన మందు క్రిందనున్న క్రిమిని తాకదు. పిమ్మట స్టార్‌శాన్ వంటి ఆమ్లద్రవమును ఐదు గ్యాలన్ల నీటికి ఒక ఔన్సు కలిపి, ఒకటి రెండు నిమిషములు తడిగా ఉంచి, నురుగుతోనే వాడవలెను. ఆ పాళ్లలో నురుగు హానిచేయదు. మన కర్త నురుగు చూచి, అంట్లు తోమిన అలవాటు కొద్దీ, కుళాయి క్రింద మూడుమార్లు జాడించియుండును. మడి అక్కడనే పోయినది. స్టీలు పీచుతో బకెట్టును తళతళ తోమియున్నచో మరియు ముప్పు: ప్లాస్టిక్ గీతలలో దాగినవానిని ఏ మందును సరిగా చేరదు.

‘అన్నీ’ యనుటలో ట్యాపు చేరినదా? బకెట్టు అడుగునుండు ఆ ప్లాస్టిక్ ట్యాపు చూచుటకు ఒకే ముక్క. నట్టు విప్పి, రబ్బరు వాషరు తీసి, వేడినీట నానబెట్టి, లోపలి గొట్టమును వెనుకనుండి గట్టిగా నెట్టినచో రెండుగా ఊడును. రెండింటి నడుమ, వ్రేలు పెట్టిన జారునట్టి గోధుమరంగు జిగురు. ఇంతవరకు కాచిన బీరంతయు దానిని రాచుకొనియే సీసాలకెక్కినది.

ఈస్టు ప్యాకెట్టే దోషి యనువారికి సమాధానము. బీరు చెడుటకు బయటినుండి చేరిన సూక్ష్మజీవులే కారణమని పాశ్చర్ 1876లో గ్రంథమే వ్రాసెను. 1883లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒక్క ఈస్టు కణమునుండి శుద్ధమైన సంతతిని పెంచి, రుచి చెడగొట్టునది పిలువని అడవి ఈస్టని చూపెను. ప్యాకెట్టులో వచ్చునది అట్టి శుద్ధ సంతతియే. తలుపు తీసినవాడు కర్త.

చివరిది ‘పారబోయనా’. ప్రాణభయము అక్కరలేదు; ఆమ్లత, ఆల్కహాలు, హాప్స్ కలిసిన చోట మనిషిని జబ్బుపరచు క్రిములు సాధారణముగా నిలువవు. వెన్నకు, పచ్చి ఆపిలుకు గడువీయవలెను. వెనిగర్ వాసన ముక్కున పొడిచినచో గడువు దండుగ, సింకే గతి. సీసాలకెక్కిన బీరు మూత తీయగానే పైకి చిమ్మినచో మాత్రము ఆలసింపరాదు: చొరబడిన క్రిమి మిగిలిన చక్కెరను తినుచు గ్యాసు పెంచుచున్నది, సీసాలు పగులును. అన్నిటిని ఫ్రిజ్‌లో చల్లబరచి, పెరటిలోనికి తీసికొనిపోయి, మందపు తువాలు కప్పి ఒక్కొక్కటిగా మూత తీయవలెను. ట్యాపు కొత్తది కొనవలెను. గీతలు పడిన బకెట్టును ఇకమీదట కారు కడుగుటకు వాడుకొనవచ్చును.