కుడి సీటుకు చెమట, ఎడమ సీటుకు వణుకు

పాత కారు కొనేవాళ్లు ఏసీ చల్లగా వస్తుందా, టైర్లు ఎంత అరిగాయి, లీటరుకు ఎంత ఇస్తుంది అని అడుగుతారు. డాష్‌బోర్డు వెనక చీకట్లో పడి ఉండే హీటర్ కోర్ సంగతి ఎవరడుగుతారు? అందులోనూ ధర్మపురిలో. మే నెల మధ్యాహ్నం గోదావరి మెట్ల మీద చెప్పుల్లేకుండా నిలబడలేని ఊళ్లో హీటరు పనిచేస్తుందా అని అడిగితే జనం నవ్విపోతారు.

ఆ హీటర్ కోర్‌ను నేనే. నేనొక చిన్న రేడియేటర్ని. పెద్దాయన బానెట్ ముందుభాగంలో గాలికి ఎదురుగా దర్జాగా నిలబడతాడు, నన్నేమో లోపల దాచారు. ఇంజను చుట్టూ తిరిగి కాగిన నీళ్లలో కొన్ని ఒక పైపులో నా దగ్గరికొచ్చి, నా సన్నటి నాళాల్లో పారి, రెండో పైపులో వెళ్లిపోతాయి. ఫ్యాను ఊదే గాలి నా రేకుల సందుల్లోంచి దూరి, వేడెక్కి లోపలికి వస్తుంది. ఇందుకోసం వేరే పెట్రోలు కాలదు. ఇంజను ఎలాగూ పారబోసే వేడినే నేను మనుషులకు పంచుతాను.

మా బండి మారుతి 800. 1983 డిసెంబరులో ఢిల్లీలో మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చినప్పుడు మొదలైన వంశం మాది, 2014లో తయారీ ఆగిపోయింది. మాకు ఏపీ 15 నంబరు, అంటే జగిత్యాల ఇంకా కరీంనగర్ జిల్లాలో ఉన్న రోజులది. మా యజమాని రిటైరైన లెక్కల సారు.

నాకొచ్చే నీళ్ల దారిలో ఒక వాల్వు ఉంది. డాష్‌బోర్డు మీది మీటను ఎర్ర దిక్కు జరిపితే తెరుచుకుంటుంది, నీలం దిక్కు జరిపితే మూసుకుంటుంది. మా సారు మీట ఏడాది పొడుగునా నీలం దిక్కే. కాబట్టి నాలో నీళ్లు కదలవు. కదలని నీళ్లలో ఏముంటే అది అడుక్కి దిగి గడ్డకడుతుంది.

ఏ నీళ్లని అడగండి. కూలెంట్ దండుగ ఖర్చని సారు లెక్క. బోరు నీళ్లే పోసేవాడు. ఆ నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా కట్టే పొరను చూడని ఇల్లు మా దిక్కున ఉండదు. అదే పొర నా నాళాల్లోనూ కట్టింది. దానికి ఇంజను లోపలి తుప్పు తోడైంది. 2015 పుష్కరాలప్పుడైతే సారుకు భక్తి పొంగి, బిందెతో తెచ్చిన గోదావరి నీళ్లు ఇంట్లో చల్లాక మిగిలినవి రేడియేటర్లో పోశాడు. ఇంజనుకు పుణ్యం దక్కిందేమో గానీ ఒండ్రు నాకు దక్కింది. ధర్మపురికి వచ్చినవాడికి యమపురి ఉండదంటారు. ఆ అభయం బండి సామానుకు వర్తించదు.

ఇంకో అన్యాయం కూడా జరిగింది. ఒక ఎండాకాలం ఇంజను వేడెక్కుతోందని ఎవరో మెకానిక్ థర్మోస్టాట్ పీకి పక్కన పడేశాడు. నీళ్లు తగినంత కాగేదాకా పెద్ద రేడియేటర్‌కు పోకుండా ఆపే చిన్న తలుపు అది. చాలా బండ్లలో ఎనభై డిగ్రీలు దాటాకే తెరుచుకుంటుంది. అది లేకపోతే చలికాలంలో హైవే మీద ఇంజను కాగనే కాగదు. వేసవిలో ఈ లోటు ఎవరికీ తెలియదు.

తెలిసింది డిసెంబరులో. కూతురు ఉట్నూరులో ఉంటుంది. తెల్లవారకముందే సారు, సారమ్మ బయల్దేరారు. రాయపట్నం వంతెన మీద మంచు. లక్షెట్టిపేట దాటి జన్నారం అడవి దారి పట్టేసరికి చలి అద్దాలకు అంటుకుంది. ఆదిలాబాద్ ఏజెన్సీ చలి కరీంనగర్ చలిలాంటిది కాదు, రాత్రి పది డిగ్రీల కిందికి దిగుతుంది. సారు మీట ఎర్ర దిక్కు జరిపాడు. ఎన్నేళ్లకో నాకు పిలుపొచ్చింది!

వాల్వు తెరుచుకుంది. వచ్చిన నీళ్లు అరకొర వేడివి. అవి కూడా కుడి పక్క నాళాల్లోనే పారాయి, ఎడమ పక్కవి పూడుకుపోయాయి. అటు నుంచి వెళ్లిన గాలి ఎంత చల్లగా వచ్చిందో అంత చల్లగానే వెళ్లింది. మూడు నాలుగు ఊళ్లు దాటాక సారు స్వెటర్ గుండీలు విప్పాడు. పక్కన సారమ్మ శాలువా మీద శాలువా కప్పుకుంది.

"మీకేమో చెమటలు, నాకేమో పండ్లు కొట్టుకుంటున్నయి. గిదేం హీటరు?"

"హీటరు మంచిగనే వస్తున్నది. నీకే రక్తం తక్కువున్నది," అన్నాడు సారు.

ఆ మాటకు ఉట్నూరు దాకా ఆమె మాట్లాడలేదు.

తిరిగొచ్చాక ఒక షాపులో ఏసీ గ్యాసు నింపాలన్నారు. చల్లబరిచే గ్యాసుకూ నాకూ ఏ సంబంధమూ లేదు. లెక్కల సారు కాబట్టి ఆ మాట నమ్మలేదు. జగిత్యాల రోడ్డులో ఇంకో కుర్ర మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆ అబ్బాయి పద్ధతి నాకు నచ్చింది. పానా పట్టకముందు చేతులతో చూశాడు.

ఇంజను చల్లగా ఉండగానే మూత తీశాడు. నీళ్లు నిండుగానే ఉన్నాయి గానీ చాయ్ రంగు. కాళ్ల దగ్గరి మ్యాట్ తడిమాడు, పొడిగా ఉంది, అంటే నేను కారడం లేదు. బండి రోడ్డెక్కించి వేడి ముల్లు చూశాడు. అది కింది గీత దగ్గరే కూర్చుంది. "థర్మోస్టాట్ లేదు సార్ ఇండ్ల," అన్నాడు. కొత్తది వేశాడు. ముల్లు లేచింది, కుడి గాలి మండింది, ఎడమ గాలి మాత్రం మారలేదు. మీట జరిపించి వాల్వు చెయ్యి పూర్తిగా తిరుగుతోందా చూశాడు, తిరుగుతోంది. అప్పుడు బానెట్ లోపల నా రెండు పైపుల మీద చెరో చెయ్యి వేశాడు. ఒకటి వేయగానే చెయ్యి లాక్కున్నాడు, రెండోదాన్ని పట్టుకునే మాట్లాడాడు.

"రెండూ కాలితే గాలి తలుపు దగ్గర పరేషాన్ ఉన్నట్టు. ఒకటి కాలుతున్నది, ఒకటి గోరువెచ్చగున్నది. లోపల జామైంది సార్."

డాష్‌బోర్డు విప్పాలేమోనని సారు ముఖం వాడిపోయింది. ఆ అబ్బాయి విప్పలేదు. పైపులు రెండూ ఊడదీసి, నీళ్లు బయటికెళ్లే దారిలోంచి ఎదురుగా ట్యూబుతో మెల్లగా నీళ్లు పెట్టాడు. జోరుగా పెడితే నా పాత అతుకులు ఊడతాయని అతనికి తెలుసు. మొదట ఎర్ర మడ్డి, తర్వాత బియ్యపు నూకంత పెళ్లలు. నిమ్మఉప్పు కలిపిన వేడినీళ్లు పోసి కాసేపు నానబెట్టి, మళ్లీ కడిగాడు. నీళ్లు తేటగా వచ్చేదాకా వదల్లేదు. ఆ పూట నాకు ఊపిరాడింది.

తర్వాత డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. బండి మూతిని ఎత్తు మీద పెట్టించి, మీట ఎర్ర దిక్కు ఉంచి, మూత తీసి ఇంజను తిప్పాడు. బుడగలన్నీ పోయాక మూత బిగించాడు. గాలి బుడగ మిగిలితే అది కూడా నా దారికి అడ్డమే.

సారమ్మ ఎడమ సీట్లో కూర్చుని జాలీ మీద అరచెయ్యి పెట్టింది. "అయితే నా రక్తం మంచిగనే ఉన్నదన్నట్టు," అంది. సారు బిల్లు లెక్క చూస్తున్నట్టు తల దించుకున్నాడు.

పోయేముందు ఆ అబ్బాయి, "నెలకోసారన్న మీట ఎర్రదిక్కు జరిపి బండి తిప్పుండ్రి సార్, నీళ్లు ఆడుతయి," అన్నాడు. సారు దాన్ని క్యాలెండర్లో రాసుకున్నాడు. మనిషి పట్టుదల అలాంటిది. మే ఒకటో తారీఖున, బయట నలభై దాటిన ఎండలో, అద్దాలన్నీ దించి నన్ను పూర్తిగా తెరిచి, చెమటలు కక్కుతూ నంది చౌరస్తా చుట్టూ తిరిగాడు. సారమ్మ ఆ రోజు బండి ఎక్కనంది.