లావా దారిలో లక్షల సైకిలు

రోడ్డు బాగాలేదని మనం అర్జీలు పెట్టుకుంటుంటే, బాగాలేని రోడ్డెక్కడుందో వెతుక్కుని డబ్బు కట్టి మరీ పోయేవాళ్ళు తయారయ్యారు. ఆ వేడుక పేరు గ్రావెల్ బైకింగ్. బైకు అన్నారు కదా అని ఇంజను ఉంటుందనుకునేరు. ఉత్త సైకిలే, తొక్కాల్సిందీ మన కాళ్ళతోనే. ధర మాత్రం మోటారు సైకిలుకి తీసిపోదు, మేలు రకమైతే లక్షల్లోనే. కార్బన్ ఫ్రేము, కిందికి వంపు తిరిగిన హ్యాండిలు, 40 మిల్లీమీటర్ల పైచిలుకు టైర్లు. చాలావాటిలో ట్యూబు కూడా ఉండదు. ముల్లు దిగితే ఆ చిల్లి తనంతట తనే పూడుకోవడానికి టైరులో తెల్లటి ద్రవమొకటి పోస్తారు. ఇన్ని హంగులుండి మడ్‌గార్డు లేదు, క్యారేజీ లేదు, స్టాండు లేదు. కూచిపూడి సెంటర్లో ఏ సైకిలు షాపు ముందు ఆపినా, "మిగతా సామాను ఎప్పుడొస్తుందండీ?" అని అడగడం ఖాయం.

ఈ సరదాకి పెద్ద తిరనాళ్ళ అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రం ఎంపోరియాలో జరుగుతుంది. 2006లో కొద్దిమందితో మొదలై ఇప్పుడు వేలమంది చేరుతున్నారు. అసలు పందెం 200 మైళ్ళు. అంటే 320 కిలోమీటర్లు, అదీ కంకర మీద. 2022లో ఇటలీలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా పెట్టేశారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఉత్త కంకర ఎవడైనా తొక్కుతాడు, అగ్నిపర్వతం కక్కిన కంకర తొక్కినవాడే మొనగాడు అనేదాకా వచ్చింది వ్యవహారం. ఐస్‌లాండ్‌లో హెక్లా అగ్నిపర్వతం చుట్టుపక్కల నల్లటి లావా బీళ్ళలో 2019 నుంచి 200 కిలోమీటర్ల పందెం నడుపుతున్నారు. దారిలో వాగులు దాటాలి. గాలి, వాన, చలి సరేసరి. ఇవన్నీ మన దగ్గరైతే పేపర్లో జిల్లా పేజీలో ఫిర్యాదులుగా వస్తాయి. అక్కడ ప్రకటనలో ఆకర్షణలుగా వేస్తారు.

మా బంధువుల కుర్రాడొకడు డాలస్ నుంచి అలాంటి చోటికే పోయి ఫోటో పంపాడు. నల్లటి నేల, మోకాళ్ళ దాకా బురద, భుజం మీద సైకిలు, మొహం నిండా పరమానందం. వాళ్ళమ్మ ఫోన్లో ఫోటో పెద్దది చేసి అటూ ఇటూ చూసి, "ఇది మన ఏటిమొగ దారిలాగే ఉంది కదండీ అన్నయ్యగారూ, దీనికోసం అంతదూరం ఎందుకెళ్ళాడు?" అంది.

ఆవిడ భూగర్భశాస్త్రం చదవలేదు గానీ అన్న మాట అక్షరాలా నిజం. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ క్రితం పడమటి కనుమల వైపు నేల బద్దలై లావా పొరలు పొరలుగా పొంగింది. దక్కన్ ట్రాప్స్ అంటారు. ఇవాళ్టికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ నల్లరాయే. అందులో కొన్ని ప్రవాహాలు వెయ్యి కిలోమీటర్లు సాగి రాజమండ్రి దాకా వచ్చాయని శాస్త్రజ్ఞుల లెక్క. కాతేరు, పంగిడి, దుద్దుకూరు దగ్గర ఆ రాయి ఇప్పటికీ చూడొచ్చు, క్రషర్లు మిగిల్చినంత మేర. మన డెల్టాకి లావా తనంతట తను రాలేదు, కృష్ణమ్మ మోసుకొచ్చింది. ఆవిడ మహాబలేశ్వరంలో పుట్టేదే ఆ రాతి మీద. పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని అరగదీస్తూ, 1,400 కిలోమీటర్లు నడిచి, ఆ మెత్తటి పొడినంతా తెచ్చి హంసలదీవి దాకా పరిచింది. మన రేగడి నలుపులో, జిగటలో పెద్ద వాటా ఆ లావాదే. అంటే గుడివాడ నుంచి బందరు దాకా, మొవ్వ నుంచి మోపిదేవి దాకా మనం కాపురాలు చేస్తున్నది నూరిన అగ్నిపర్వతం మీద. వరి పండుతోంది కనక ఎవరూ గమనించలేదంతే.

ఈ మట్టికొక గుణముంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు వానాకాలం లేస్తుంది, వేసవికి కుంగుతుంది. తారు పగులుతుంది. పగుల్లోకి నీళ్ళు దిగుతాయి. ఆపైన చేపల లారీ, ధాన్యం లారీ, ఇసుక టిప్పరు వరసగా పోతాయి. అడుగున ఇసుక పొర సరిగ్గా పరిచి, మార్జిన్లు గట్టిచేసి, నీరు పోయే దారి చూపిస్తే రోడ్డు నిలుస్తుంది. ఇదంతా ఇంజనీర్లకి తెలుసు, పుస్తకాల్లో ఉంది, ఎస్టిమేట్లలో కూడా ఉంటుంది. రోడ్డు కింద మాత్రం కనిపించదు. కాబట్టి కొన్నాళ్ళకి తారు మాయమై కంకర తేలుతుంది. కాన్సాస్ వాళ్ళు కంకర ఎక్కడుందా అని మ్యాపులేసుకుని వెతుక్కుంటారు. మనకి ఇంటి ముందుకే వస్తుంది.

ఇంత ముడిసరుకు పెట్టుకుని మనం ఊరికే కూర్చోవడం నేరం. నన్నెవరైనా టూరిజం సలహాదారుగా వేస్తే వారంలో ఒక రూటు గీసిస్తాను. పేరు 'కృష్ణా లావా సర్క్యూట్'. కూచిపూడిలో జెండా ఊపడం, మొవ్వ మీదుగా కాలువ గట్టెక్కడం, చల్లపల్లి, మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడి దర్శనం, పులిగడ్డ, అవనిగడ్డ, నాగాయలంక, ఆఖర్న ఏటిమొగలో పంటెక్కి ఎదురుమొండి. గుంతలో నీళ్ళుంటే 'వాటర్ క్రాసింగ్' అని బోర్డు పెడతాం. దారికడ్డంగా పడుకున్న గేదె వన్యప్రాణి ఖాతాలోకి పోతుంది. గట్టు మీద సర్కారు తుమ్మ సహజ వృక్షసంపద. విదేశాల్లో సైకిలిస్టులు శక్తి కోసం ప్యాకెట్టు చించి జిగురొకటి మింగుతారు, మనం బందరు లడ్డు పెడతాం. దానికీ జిగురుకీ పోలికా? రిజిస్ట్రేషను ఫీజు డాలర్లలో. పందెం ఆగస్టులో పెడితే మరీ మంచిది. తడి రేగడి టైరుకీ ఫోర్కుకీ మధ్య కూరుకుని చక్రం గజం దూరం కూడా తిరగనప్పుడు, కార్బన్ ఫ్రేము ఎంత తేలికో భుజానికెత్తుకున్నవాడికే బోధపడుతుంది. మనవాళ్ళు ఆ మట్టి గోకడానికి సీటు కింద ఒక పుల్ల దోపుకుంటారు. ఆ పుల్లని 'మడ్ టూల్' అని ప్యాకెట్టులో పెట్టి అయిదొందలకి అమ్మొచ్చు.

బహుమతుల దగ్గరే చిక్కొస్తుంది. ఈ పందేన్ని ఫీజు కట్టకుండా, హెల్మెట్టు లేకుండా, ఏడాది పొడుగునా ఆడేవాళ్ళు ఊరూరా ఉన్నారు. కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, తల మీద నీళ్ళ చెంబుతో, తాళం తప్పకుండా సాగుతుంటే సభంతా చప్పట్లు కొడుతుంది. క్యారేజీకి రెండు వైపులా పాల క్యాన్లు వేలాడేసుకుని, తేలిన కంకర మీద చుక్క ఒలక్కుండా తెల్లవారుజామున పోయే మనిషి చేసేదీ అదే తరంగం. ఆయనకి చప్పట్లు లేవు సరికదా, పాలు పలచనయ్యాయని మాట. 75 కిలోల ధాన్యం బస్తా ఫ్రేము మధ్య నిలబెట్టి గట్టు మీద నెట్టుకుపోయే రైతుంటాడు. సైకిలు మీద, వెనక చెల్లెల్ని కూర్చోబెట్టుకుని హైస్కూలుకి పోయే పిల్ల ఉంటుంది. వీళ్ళని వరసలో నిలబెడితే లక్షల సైకిలువాడికి పదో స్థానం కూడా దక్కదు. తెల్లారి లేచి వీళ్ళలో ఒక్కరూ 'సాహసం చేసొస్తా'నని ఇంట్లో చెప్పి బయల్దేరరు.

సైకిలు తొక్కేవాళ్ళ మీద నాకు కోపం లేదు. కండలు వాళ్ళవి, డబ్బు వాళ్ళది. హైదరాబాదు కుర్రాళ్ళు ఆదివారం పూట వికారాబాదు వైపు ఎర్రమట్టి దారుల్లో చెమటోడుస్తుంటే సంతోషమే, మాల్‌లో కూర్చోవడం కంటే నయం. ఒళ్ళు మండేది వాళ్ళ మాటకి. కష్టం సాయంత్రానికి అయిపోయి, హోటల్లో వేణ్ణీళ్ళ స్నానం ఎదురుచూస్తున్నప్పుడు దాన్ని అనుభూతి అనుకోవడం తేలిక. ఆ అనుభూతి వదలకుండా 'చెడిపోని పల్లె, తాకని దారి' అని మనకే ఉపన్యాసమిస్తారు. తాకకపోవడమేమిటి బాబూ, తాకమనే కదా మేం అడుగుతున్నది!

ఇందులో ఉత్త వేళాకోళమే లేదు, కొంచెం భయమూ ఉంది. ఇటలీలో టస్కనీ ప్రాంతంలో 1997లో లెరోయికా అని పాత సైకిళ్ళ వేడుకొకటి మొదలుపెట్టారు. పెట్టినవాళ్ళ ఆశయాల్లో ఒకటి, అక్కడి తెల్లమట్టి రోడ్ల మీద తారు పడకుండా అడ్డుకోవడం. చాలామటుకు నెగ్గారు కూడా. ద్రాక్షతోటల మధ్య ఆ రోడ్లు అందంగానే ఉంటాయి, కాదనను. ఆ ఆలోచన మన సచివాలయం మెట్లెక్కిందంటే మాత్రం కొంప మునుగుతుంది. రోడ్డు వెయ్యకపోవడానికి నిధుల్లేవని, టెండరుకి ఎవరూ రాలేదని, ఎన్నికల కోడ్ వచ్చిందని చెప్పి చెప్పి అలిసిపోయినవాళ్ళకి 'వారసత్వ సంపద' అనే కొత్త మాట దొరుకుతుంది. పురిటి నొప్పులతో ఆటోలో ఎగిరెగిరి పడుతున్న ఆడకూతురికి అది వారసత్వ సంపదని ఎవరు నచ్చజెబుతారో ముందుగా ఆలోచించుకోవాలి.

కాబట్టి సైకిలు బాబులకి నా మనవి. రండి. కుప్పనూర్పిళ్ళయ్యాక, సంక్రాంతి వెళ్ళాక రండి, ఎండలింకా ముదరవు, గట్లు ఆరి ఉంటాయి. మజ్జిగిస్తాం, దారి చెబుతాం, గంట లేని మీ సైకిలుకి గేదెలు తప్పుకోకపోతే మేమే అదిలిస్తాం. ఫోటోలు ఎన్నయినా తీసుకోండి. కింద 'ఈ దారి ఎప్పటికీ ఇలాగే ఉండిపోవాలి' అని మాత్రం రాయకండి. మా రోడ్డు ఫైలు ఇంకా సంతకం కాలేదు.