తిమింగలం నూనె కాచిన కాగు కథ

ఈ కాగు పోత ఇనుముది. 19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో పసిఫిక్‌లో తిమింగలాలను వేటాడిన ఒక అమెరికా ఓడ మీద దాని కొలువు. దీని ఒక పక్క చదునుగా ఉంటుంది. జంట కాగును ఆనించి పెట్టడానికి అలా పోతపోశారు. రెండింటినీ ఓడ పైభాగాన ఇటుకల పొయ్యిలో అమర్చేవారు. చెక్క ఓడ అంటుకోకుండా పొయ్యి అడుగున నీళ్లు నిలిపేవారు. తిమింగలం చర్మం కింది కొవ్వును తరిగి ఇందులో కాచేవారు. నూనె దిగిపోయాక మిగిలిన తునకలే మళ్లీ పొయ్యిలోకి వెళ్లేవి. తన కొవ్వు మంట మీదే ఆ జీవి కాగిపోయేది. చల్లారిన నూనె పీపాలకెక్కి, నగరాల దీపాలకూ యంత్రాలకూ చేరేది.

పీపాలు నిండడానికి ఏళ్లు పట్టేది. అన్నాళ్లూ ఓడకు మంచినీళ్లు, కట్టెలు, తిండి కావాలి. అవి దొరికిన రేవుల్లో పేరుమోసింది న్యూజిలాండ్ ఉత్తరాన, బే ఆఫ్ ఐలాండ్స్‌లోని కొరొరారెకా, ఇప్పటి రసెల్. ఈ రేవును తెల్లవాళ్లే నిలబెట్టారనడం సగం నిజం కూడా కాదు. ఓడలను పోషించింది న్గాపుహి తెగ మావోరీలు. బంగాళాదుంపలు పండించి, పందులను పెంచి ఓడలకు అమ్మారు; బదులుగా ఇనుప పనిముట్లు, దుప్పట్లు, తుపాకులు తీసుకున్నారు. మావోరీ యువకులు నావికులుగా ఓడలెక్కారు. ఈ కాగు కింద మంట ఎగదోసిన చేతుల్లో వారివీ ఉన్నాయి. ఆ వ్యాపారంలో ఘోరమూ ఉంది. తుపాకులు ముందుగా చేజిక్కిన న్గాపుహి దండ్లు 1820లలో ఇతర తెగల మీద పడి ఎందరినో చంపాయి. చెరపట్టి తెచ్చినవారి చేత పొలం పని చేయించాయి.

సారా దుకాణాలతో ఊరికి చెడ్డపేరూ వచ్చింది. 1835 డిసెంబరులో బీగిల్ ఓడ మీద వచ్చిన చార్లెస్ డార్విన్‌కు ఈ ప్రాంతం నచ్చలేదు.

1840 ఫిబ్రవరి 6న అఖాతం అవతలి ఒడ్డున, బ్రిటిష్ రాజరికానికీ మావోరీ నాయకులకూ మధ్య వైతాంగి ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. బ్రిటిష్ ప్రభుత్వం సరుకుల మీద సుంకాలు వేసింది. 1841లో రాజధానిని ఈ ప్రాంతం నుంచి ఆక్లండ్‌కు తరలించింది. ఓడల రాక తగ్గింది, మావోరీల పంటకు గిరాకీ పడిపోయింది. మావోరీ నాయకుడు హోనె హెకె వర్గం బ్రిటిష్ జెండాకొయ్యను నాలుగుసార్లు నేలకూల్చింది. నాలుగోసారి, 1845 మార్చి 11న, పోరాటం ఊరిని చుట్టుముట్టింది. ఇళ్లూ దుకాణాలూ చాలావరకు కాలిపోయాయి. అక్కడి క్రైస్ట్ చర్చి గోడలకు ఆనాటి తూటాల గుర్తులు నేటికీ ఉన్నాయి.

అప్పటికే ఈ తీరాల్లో వేటాడిన రైట్ జాతి తిమింగలాలు అరుదయ్యాయి. ఈనడానికి తీరానికొచ్చే తల్లులనూ వేటగాళ్లు వదల్లేదు. న్యూజిలాండ్‌లో తిమింగలాల వేట 1964లో ఆగిపోయింది.