పాటపెట్టె పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. పాట పెట్టెకొకటి ప్రత్యేక లైనుంచు
ఎర్తు మాత్రమొకటె యింటికెల్ల
బొగ్గు నుప్పు గలిపి పూడ్చిన గుంటలో
నీరు పోయకున్న నిదుర రాదు

అవతారిక: హోమ్ థియేటరు కొని ఘంటసాల పాట పెడితే, వెనక ఎవరూ పెట్టని శ్రుతి ఒకటి 50 హెర్ట్జ్‌లో గుయ్యిమంటోందని వాపోయిన గృహస్థుకు విస్సన్నపేట ఎలక్ట్రీషియను చేసిన ఉపదేశం.

టీక: పాట పెట్టెకు = ఆంప్లిఫైయరుకు; ప్రత్యేక లైను = మెయిన్ బోర్డులో దానికంటూ 16 ఆంపియర్ల ఎంసీబీ, అక్కణ్ణుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు; ఉంచు = తిన్నగా సాకెట్టుదాకా లాగు (మధ్యలో ఫ్రిజ్జుకు తగిలించరాదని ధ్వని); ఎర్తు ఒకటె = పచ్చ వైర్లన్నీ ఒకే చోట కలియవలెను.

పాఠాంతరం: రెండో పాదం "ఎర్తు కూడ వేరె యింటిలోన" అని కొందరు చదువుతారు. ఇది ప్రక్షిప్తం, ప్రమాదకరం కూడా. టీవీ ఒక గుంటకు, ఆంప్లిఫైయరు ఇంకో గుంటకు కట్టి, రెంటినీ ఆడియో కేబులుతో కలిపితే గుంటల మధ్య వోల్టేజి తేడాకు కరెంటు ఆ కేబుల్లోనే పారుతుంది. ఆ గుయ్యి అదే. ఎర్తింగుకు ధర్మశాస్త్రమైన ఐఎస్ 3043 కూడా ఎర్తులన్నీ కలపమనే చెబుతుంది. ప్లగ్గు మూడో కాలు విరిచి గుయ్యి మాన్పించే సంప్రదాయం ఒకటుంది. దాన్ని వ్యాఖ్యానించడం కూడా పాపం.

తాత్పర్యం: మే నెలలో విస్సన్నపేట మామిడితోటల నేల ఎండితే ఎర్తు నిరోధం పెరుగుతుంది. 20 ఓములైందనుకోండి: 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. ఫేజు బాడీకి తగిలినా 16 ఎంసీబీ కదలదు, పెట్టె ముట్టుకుంటే షాకే. అందుకే బిందెడు నీళ్లు. నీళ్లు పోసినా, లీకేజీ కాగానే కరెంటు కోసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పదు. కవి దాన్ని చెప్పలేదు, ఛందస్సులో ఇమడలేదు కాబోలు.

విశేషాలు: "లైనుంచు", "ఎర్తు" మధ్య విసంధి దోషమని లాక్షణికులు పట్టుకుంటారు. ఫేజుకూ ఎర్తుకూ సంధి జరిగితే ఏమవుతుందో వారికి తెలియదు. ఇన్ని చేసినా గుయ్యి పోకపోతే, స్తంభం మీంచి వచ్చే కేబుల్ టీవీ వైరును సెట్‌టాప్ బాక్సునుంచి పీకి చూడాలి. ఆగిందా, దొంగ అదే. ఆ వైరుకు ఐసొలేటరు పెట్టించుకోవాలి.

"నిదుర రాదు" ఎవరికన్నది వివాదాస్పదం. ఇంటాయనకని పూర్వులు. నీళ్లు పోసినా, పోయకున్నా, సబ్‌ఊఫరు ఉన్నంతకాలం పక్కింటివారికని మా మతం.