నేను కంచు ఉలిని

నన్ను అచ్చులో పోసినవాడెవడో నాకు తెలియదు. ఊరు మాత్రం తెలుసు. లింజీ, చీ రాజ్యానికి రాజధాని, ఇప్పటి చైనాలో షాన్‌డాంగ్ ప్రాంతం. నా యజమాని బియాన్, రథచక్రాలు చేసే వడ్రంగి. మా ఏలిక హువాన్ ప్రభువు క్రీ.పూ. 685 నుంచి 643 దాకా రాజ్యం చేశాడని చరిత్రలో ఉంది. నేనూ, మా ముసలాయనా మాత్రం జువాంగ్‌జి అనే తత్వవేత్త పుస్తకంలోనే ఉన్నాం. ఆ జువాంగ్‌జి మా ప్రభువు పోయాక దాదాపు మూడు వందల ఏళ్లకు పుట్టినవాడు. కాబట్టి నేను పుట్టింది అచ్చులోనో, ఆయన బుర్రలోనో మీరే తేల్చుకోండి.

రథచక్రానికి ముప్పై ఆకులు. ఇరుసు దూరే నడిబొడ్డు చుట్టూ ముప్పై బెజ్జాలు తొలవాలి. ఒక్కో బెజ్జంలో ఒక్కో ఆకు కుసి దిగాలి. బెజ్జం వదులైతే ఆకు హాయిగా దిగుతుంది, నాలుగు గతుకులు తగలగానే అంత హాయిగానూ ఊడుతుంది. బిగువైతే సగంలోనే నిలిచిపోతుంది, ఇంకో దెబ్బ వేస్తే బొడ్డే చీలుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్నది వెంట్రుకవాసి తేడా. దాన్ని ముసలాయన కళ్లతో వెతికేవాడు కాదు. కొయ్యలో నార తిరిగినచోట నేను సన్నగా అదురుతాను. ముడి దగ్గరికొస్తే నా చప్పుడు మారుతుంది. ఆ చప్పుడు చెవిన పడేలోపే ఆయన బొటనవేలు వత్తిడి తగ్గించేది. ఎందుకు తగ్గించావని అడిగితే చెప్పలేడు.

అదే పుస్తకంలో ఒక వంటవాడి కత్తి ఉంది. ఎద్దుల కీళ్ల సందుల్లోంచే పోనిస్తాడు గనుక పందొమ్మిదేళ్లయినా దాని అంచు కొత్తగానే ఉందట. నాకంత భోగం లేదు. కొయ్యలో సందులుండవు, నేనే చెయ్యాలి. సానరాయి మొహం చూడని వారం లేదు.

కొడుక్కి పని నేర్పాలని ముసలాయన చాలా ఆరాటపడ్డాడు. "ఇంకాస్త నిదానం నాయనా" అనేవాడు. కుర్రాడు నిదానించేవాడు. "మరీ అంత నిదానం కాదురా!" అనేవాడు. రెండు మాటలూ నిజమే. వాటితో ఒక్క బెజ్జమూ కుదరలేదు. అలా డెబ్బై ఏళ్లొచ్చినా చక్రాలు ఆయనే చెయ్యాల్సి వచ్చింది.

ఒకనాడు ప్రభువు మేడమీద కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాడు. మేం కింద చక్రం చెక్కుతున్నాం. ముసలాయనకేం పుట్టిందో, నన్నూ సుత్తినీ పక్కన పెట్టి మెట్లెక్కాడు. ఏమిటి చదువుతున్నారని అడిగాడు. మహాజ్ఞానుల మాటలన్నాడు ప్రభువు. వాళ్లు బతికున్నారా అంటే లేరన్నాడు. అయితే తమరు నములుతున్నది పిప్పి అన్నాడు మావాడు! ప్రభువు మండిపడ్డాడు. సరైన కారణం చెప్పావా సరే, లేకపోతే చస్తావన్నాడు. అప్పుడు ముసలాయన వదులు, బిగువు సంగతి చెప్పాడు. చేతికి తెలిసింది నోటికి రాదనీ, కొడుక్కే ఇవ్వలేకపోయాననీ, పోయినవాళ్లు కూడా ఇవ్వలేనిదాన్ని తమతోనే పట్టుకుపోయి ఉంటారనీ చెప్పాడు. కథ అక్కడే ఆగిపోయింది. ప్రభువు ఏమన్నాడో జువాంగ్‌జి రాయలేదు. నన్ను మళ్లీ ఎవరు చేతబట్టారో కూడా రాయలేదు. పుస్తకాలను పిప్పి అన్న ఈ కథ ఇన్నేళ్లు బతికింది పుస్తకం పుణ్యానే. అది వేరే సంగతి.

ముసలాయన మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. పనివాళ్ల కోసం రాసిన 'కావోగోంగ్‌జి' అనే పాత గ్రంథంలో చక్రాన్ని ఎలా పరీక్షించాలో ఉంది. గుండ్రం కుదిరిందో లేదో వృత్తలేఖినితో చూడాలి. నీళ్లలో తేలేసి అన్నివైపులా సమంగా మునిగిందో లేదో చూడాలి. రెండు చక్రాల బొడ్డుల్లో వరిగలు పోసి కొలతలు పోల్చాలి. త్రాసులో తూచాలి. ఇవన్నీ ఎవరైనా చదివి నేర్చుకోవచ్చు, పిప్పి కానే కాదు. కాకపోతే ఇవి చెడిన చక్రాన్ని పట్టిస్తాయి. ముసలాయన బొటనవేలికి తెలిసేది చెడబోతున్న చక్రం.

ఆయన కొడుకు సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. కుర్రాడు మొద్దు కాడు. మాటలు పనికిరావని ప్రభువు ముందు అంత ధైర్యంగా చెప్పిన మనిషి ఇంట్లో వాడికిచ్చింది ఎక్కువగా మాటలే. నన్ను వాడి చేతికిస్తే నాలుగు బెజ్జాలకే లాక్కునేవాడు. ప్రభువు చక్రం చెడితే తల పోతుందని భయం, పాపం. వాడి చేతిలో నేను అదరడం మొదలుపెట్టేలోపే పాఠం అయిపోయేది.

మీ ఇంట్లో పని నేర్చుకునే పిల్లలుంటే పుస్తకం కొనిపెట్టండి, తప్పులేదు. దాంతోపాటు చెడినా ఫరవాలేదనుకున్న కొయ్యముక్కలు ఓ మోపెడు తెచ్చి పడేయండి. ఉలి వాళ్ల చేతికిచ్చి, సాయంత్రం దాకా వెనక్కి అడగకండి.